వంగిన మేకులు

ఊరి పైన, ఊట దగ్గర
ఒక ఆర్చా చెట్టుంది.
ఆకుల కన్నా గుడ్డపీలికలే ఎక్కువ దానికి.
కడుపు పండాలని ఒకటి, కాలు నయమవాలని ఒకటి,
రష్యా వెళ్ళిన మొగుడు ఫోనెత్తాలని ఒకటి.
వంతెన రావాలని
నేను కట్టినవే ఏడు.

పాతది కొట్టుకుపోయి నాలుగేళ్ళు.
నారిన్ కచేరీకి అర్జీలు రాసిందీ నేనే,
కిర్గిజ్‌లో ఒకటి, రష్యన్‌లో ఒకటి.
బడిపంతులి దస్తూరీ బావుందన్నారందరూ.
జవాబులూ బావుండేవి.
ముద్ర ఎంత గుండ్రంగా ఉండేదో!

పిల్లలు బూట్లు మెడలో వేలాడేసుకుని
మంచు కరిగిన నీళ్ళలో దాటి వచ్చేవాళ్ళు.
మొదటి గంటంతా
వాళ్ళ వేళ్ళు పెన్సిలుని గుర్తుపట్టేవి కావు.
నేను కిటికీలోంచి కొండకేసి చూసి
ఎవరైనా ఏదైనా చేస్తే బావుణ్ణు, అనుకునేవాణ్ణి.
ఆ ఎవరైనాకి ఒక పేరుండొచ్చని,
చేతులకు ఉల్లిపాయ వాసనుండొచ్చని
నాకెన్నడూ తట్టలేదు.

అసిల్కాన్. బడిలో వంటామె.
ఏప్రిల్లో ఓ పొద్దున
తన వాకిటి తలుపు ఊడదీసి
గాడిద మీద అడ్డంగా కట్టి
ఏటికి తోలుకుపోయింది.
నీలం తలుపు. గొళ్ళెం ఊగుతూనే ఉంది.

రెండు బండల మధ్య దాన్ని పడుకోబెట్టి
తనే ఎక్కి, రెండుసార్లు గెంతి
"రండి" అంది పిల్లలతో.
అంతే. ఉపన్యాసం లేదు.
ఒకటో తరగతి ఐజిరెక్ నడిమధ్య ఆగి
వంగి గొళ్ళెం లాగి చూసింది,
"ఇది తీస్తే ఎవరింట్లోకి పోతాం?"
కింద ఏరు నురగలు కక్కుతోంది.
ఆ మధ్యాహ్నం షోర్పాలో ఉప్పెక్కువైందని గుర్తు.

ఊరు ఊరుకుంటుందా?
తలుపు తీసి ఏట్లో వేసిన దానికి
తలలో ఏముంది, అన్నారు.
సాత్కిన్ మేకలు జొరబడి
ఆమె ఉల్లినారంతా మేసిపోయాయి.
మేకలను తిట్టింది, సాత్కిన్‌ను తిట్టింది,
తలుపు మాత్రం వెనక్కి తేలేదు.

జూన్‌లో ఏరు పొంగింది.
తలుపు పోయింది.
"ముందే చెప్పాం" అనే మాట
మా ఊళ్ళో అంత తియ్యగా ఎప్పుడూ పలకలేదు.
నేనూ అన్నాను, దాచడం దేనికి,
నా నోట్లోనూ కలకండలా కరిగింది.

ఆమె ఒడ్డు పట్టుకుని దిగువకు నడిచి
చీకటి పడ్డాక తిరిగొచ్చింది.
చంకలో రెండు నీలం చెక్కలు,
చేతిలో గొళ్ళెం,
మోకాళ్ళ దాకా బురద.
ఇంటికి కూడా పోకుండా మా గుమ్మంలో నిలబడి
"మాస్టారూ, మేకులున్నాయా?" అంది.

అర్జీ రాయమంటుందనుకున్నాను.
కలం కోసం జేబు తడిమాను కూడా.
దొరికింది ఎనిమిదో పీలిక,
రేపు కడదామని చింపి ఉంచుకున్నది.

మేకులు.
నాన్న కొట్టంలో ఒక డబ్బా ఉండాలి.
ఉంది. అన్నీ వంగినవే, తుప్పు పట్టినవే.
పాతది ఏదీ పారేయనిచ్చేవాడు కాదని
ఆయన్నెన్నిసార్లు విసుక్కున్నానో.

లాంతరు దగ్గరకు లాక్కుని
గుమ్మం రాతి మీద ఒక్కో మేకునూ పడుకోబెట్టి
సుత్తితో వంపు తీయడం మొదలుపెట్టాను.
సుద్దముక్క పట్టిన చేయి,
మూడు దెబ్బలు నా మీదే పడ్డాయి.
ఎనిమిదో పీలిక
బొటనవేలి చుట్టూ బిగిసింది.

చప్పుడుకి తుర్దుబెక్ ఇంట్లో లైటు వెలిగింది.
నన్ను తిట్టడానికే లేచాడో,
పెరట్లో పడున్న పాత ఇనప మంచం
గుర్తొచ్చి లేచాడో
చెప్పలేను.

ఏటి హోరు వినిపిస్తోంది.
డబ్బాలో ఇంకా సగం
వంకరవే.